చెవిలో బేస్: యాంప్లిఫయర్ చేయగలిగిందెంత?

కచేరీ మొదలయ్యే ముందు మృదంగం ఎడమవైపు తోలు మీద తడిపిన రవ్వ ముద్ద అంటిస్తారు. ఆ ముద్ద బరువుకే ఆ వైపు గుమ్మని పలుకుతుంది. ముద్ద లేకుండా ఎంత బలంగా కొట్టినా మోత పెరుగుతుందే తప్ప లోతు రాదు. ఇయర్‌ఫోన్‌లో బేస్ చాలడం లేదని జేబులో పట్టే హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ కొనాలనుకునేవారు ముందుగా ఆలోచించాల్సింది ఈ తేడా గురించే. యాంప్లిఫయర్ అంటే గట్టిగా కొట్టే చెయ్యి. లోతు తక్కువైనప్పుడు కావలసింది చాలాసార్లు చెయ్యి కాదు, ముద్ద. ఫోన్‌కు తగిలించే వేలెడంత డాంగిల్ మొదలుకొని పాతిక వేల రూపాయల యాంప్ దాకా మార్కెట్లో ఇప్పుడు ఎన్నో రకాలు దొరుకుతున్నాయి. వాటిలో ఏది మంచిదని అడిగే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి: ఇయర్‌ఫోన్‌లో బేస్ ఏయే కారణాల వల్ల తగ్గుతుంది? ఆ కారణాల్లో యాంప్ తీర్చగలిగినవి ఎన్ని? ఈ లెక్క వేస్తే యాంప్ వంతుకు వచ్చేది కొద్దే. ఆ కొద్దిలో మాత్రం అది నిజంగా అక్కరకొస్తుంది.

మనిషి చెవి వినగలిగేది 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా. మనం బేస్ అనేది సుమారు 250 హెర్ట్జ్ కన్నా కింది భాగాన్ని. మామూలు బేస్ గిటార్ మీద అన్నిటికన్నా లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. సినిమా పాటల్లోని సింథసైజర్ బేస్ ఇంకా కిందికీ దిగగలదు. యాంప్లిఫయర్ తయారు చేసేవాళ్లు గొప్పగా చెప్పుకునే గుణం ఏమిటంటే, అది 40 హెర్ట్జ్‌ను ఎంత పెంచుతుందో 4,000 హెర్ట్జ్‌నూ అంతే పెంచుతుంది. అంటే పాటలో బేస్ పాలు అలాగే ఉంటుంది, పాట మొత్తం పెద్దదవుతుంది. పప్పులో ఉప్పు తక్కువైందంటే ఇంకో గరిటె పప్పు వడ్డించినట్టు. పోనీ, ఫోన్ ఇచ్చే శక్తి చాలక బేస్ నీరసపడుతోందా అంటే, మామూలు ఇయర్‌ఫోన్ విషయంలో అదీ నిలబడదు. 32 ఓముల ఇంపెడెన్స్ (విద్యుత్తుకు అది చూపే ఎదురు), మిల్లీవాట్‌కు 100 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న ఇయర్‌ఫోన్‌ను తీసుకుందాం. దాన్నుంచి 100 డెసిబెల్స్ రాబట్టడానికి 0.18 వోల్టు చాలు. యాపిల్ అమ్మే చిన్న యూఎస్‌బీ-సి డాంగిల్ గరిష్ఠంగా ఒక వోల్టు ఇస్తుంది. అది 32 ఓముల మీద 31 మిల్లీవాట్లు, అంటే 115 డెసిబెల్స్. ఆ మోతలో ఎవరూ పాట వినలేరు, వినకూడదు. అలాంటప్పుడు 300 మిల్లీవాట్ల యాంప్ తగిలించినా ఆ మిగులు శక్తి వాడుకునే చోటే ఉండదు. బేస్‌కు ప్రత్యేకంగా ఎక్కువ శక్తి కావాలన్న మాట పెద్ద స్పీకర్ల లోకం నుంచి వచ్చింది. శబ్దం పుట్టించే డైనమిక్ డ్రైవర్ ఒక్కటే ఉన్న ఇయర్‌ఫోన్ ఇంపెడెన్స్ కింది స్వరాల దగ్గరా పై స్వరాల దగ్గరా దాదాపు ఒక్కలాగే ఉంటుంది కాబట్టి పై లెక్కే బేస్‌కూ వర్తిస్తుంది.

మరి యాంప్ పెడితే బేస్ వస్తుందన్న నమ్మకం ఎక్కడ పుట్టింది? అది గాలిలోంచి పుట్టలేదు. 1990ల చివర్లో చూ మోయ్ అనే ఆయన ఒక జేబు యాంప్ డిజైన్‌ను అందరికీ అందుబాటులో పెట్టారు. ఒక ఆప్-యాంప్ చిప్, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఒక 9 వోల్టుల బ్యాటరీ. మొత్తం సరంజామా పిప్పరమెంటు బిళ్ళల రేకు డబ్బాలో ఇమిడిపోయేది. సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం వచ్చిన కుర్రాళ్లు ప్రపంచమంతటా దాన్ని కట్టుకున్నారు. ఆ కాలపు పోర్టబుల్ ప్లేయర్లలో చాలావాటికి ఒక లోపం ఉండేది. ఒకే బ్యాటరీ మీద నడిచే ఆ సర్క్యూట్లలో డీసీ కరెంటు ఇయర్‌ఫోన్‌లోకి పోకుండా సాకెట్‌కు ముందు ఒక కప్లింగ్ కెపాసిటర్ పెట్టేవారు. ఆ కెపాసిటర్, ఇయర్‌ఫోన్ ఇంపెడెన్స్ కలిసి బేస్‌ను కోసే జల్లెడ అవుతాయి. 220 మైక్రోఫారడ్ కెపాసిటర్‌కు 16 ఓముల ఇయర్‌ఫోన్ తగిలిస్తే 45 హెర్ట్జ్ దగ్గరకే 3 డెసిబెల్స్ పోతాయి, ఆ కింద ఇంకా పోతాయి. చోటు చాలక 100 మైక్రోఫారడ్‌తో సరిపెడితే ఆ కోత 100 హెర్ట్జ్ దగ్గరే మొదలవుతుంది. మధ్యలో యాంప్ పెట్టినప్పుడు ప్లేయర్‌కు ఎదురయ్యేది 16 ఓములు కాదు, యాంప్ ఇన్‌పుట్‌లోని పది వేల ఓములో అంతకన్నా ఎక్కువో. కోత ఒక హెర్ట్జ్‌కన్నా కిందికి జారిపోతుంది, పోయిన బేస్ తిరిగొస్తుంది. కాబట్టి ఆనాటి వాళ్లు విన్నది భ్రమ కాదు. ఇప్పటి ఫోన్లలో, డాంగిళ్లలో ఉండే చిప్‌లు చాలావరకు ఆ కెపాసిటర్ అవసరం లేకుండానే పనిచేస్తాయి. జబ్బు పోయింది, మందు చీటీ మాత్రం చేతులు మారుతూ వస్తోంది.

ఇప్పటి ఇయర్‌ఫోన్‌లో బేస్ పోయే మొదటి దారి చెవి రంధ్రం దగ్గరే ఉంది. సూది లేని సిరంజి మూతిని వేలితో గట్టిగా మూసి పిస్టన్ తోస్తే లోపలి గాలి ఎదురు తిరుగుతుంది. వేలు కాస్త సడలించి నెమ్మదిగా తోస్తే ఎదురే ఉండదు, గాలి సందులోంచి జారుకుంటుంది. అదే సందు ఉన్నా గబగబా ఆడిస్తే మాత్రం ఎంతో కొంత ఒత్తిడి తగులుతుంది, ఎందుకంటే గాలికి తప్పించుకునే వ్యవధి లేదు. చెవిలో జరిగేది ఇదే. ఇయర్‌ఫోన్ డ్రైవర్‌కు, కర్ణభేరికి మధ్య ఉండేది చిటికెడు గాలి. పై స్వరాలకు డ్రైవర్ వేగంగా కదులుతుంది కాబట్టి చిన్న సందు ఉన్నా వాటికి నష్టం తక్కువ. సెకనుకు నలభై సార్లు ఊగే బేస్ అలకు ఆ సందు తలుపు తెరిచినట్టే. టిప్ సరిగా కుదరకపోతే 50 హెర్ట్జ్ దగ్గర పది డెసిబెల్స్‌కు పైగా పోవడం మామూలే. పది డెసిబెల్స్ అంటే పదింతల శక్తి. ఆ నష్టాన్ని యాంప్‌తో పూడ్చాలని చూడటం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. పెట్టెలో వచ్చే మూడు సైజుల సిలికాన్ టిప్‌లలో మధ్య సైజును తగిలించే అమ్ముతారు. మిగతా రెండూ కవరులోనే ఉండిపోతాయి. కుడి చెవికి ఒక సైజు, ఎడమ చెవికి ఒక సైజు కావలసి రావడంలో వింతేమీ లేదు. పరీక్ష కూడా సులువే: 40 హెర్ట్జ్ స్వరం పెట్టి, ఇయర్‌ఫోన్‌ను వేలితో మెల్లగా లోపలికి అదమండి. ఒక్కసారిగా బేస్ ఉబికితే లోపం టిప్‌లో ఉంది. పెద్ద సైజు టిప్‌కో, నొక్కి చెవిలో పెడితే అక్కడే ఉబ్బి రంధ్రాన్ని మూసే ఫోమ్ టిప్‌కో మారితే చాలు. రబ్బరు టిప్ లేకుండా చెవి అంచున వేలాడే గట్టి ప్లాస్టిక్ ఇయర్‌ఫోన్‌లకు ఈ మూత పడే వీలే లేదు. వాటికి ఏ యాంప్ తగిలించినా అడుగు బేస్ రాదు.

రెండో దారి చెవి బయట ఉంది. పల్లెవెలుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఇంజన్ చేసే చప్పుడులో ఎక్కువ పాలు బేస్ ప్రాంతంలోనే ఉంటుంది. పాటలోని కింది స్వరాలను ఆ రొద మింగేస్తుంది, గాయకుడి గొంతు మాత్రం పైకి తేలుతుంది. ఇంట్లో రాత్రిపూట గుమ్మన్న ఇయర్‌ఫోన్ బస్సులో ఉత్త గొంతుగా మిగలడానికి కారణం ఇదే. బేస్ పోయిందనుకుంటాం గాని అది రొద కింద మునిగింది. బాగా మూసే టిప్ ఇక్కడా పనికొస్తుంది. శబ్దాన్ని అణిచే నాయిస్ క్యాన్సలింగ్ అన్నిటికన్నా బాగా పనిచేసేది కూడా ఈ కింది స్వరాల దగ్గరే. దీనికి తోడు చెవి స్వభావం ఒకటుంది. 1933లో బెల్ ల్యాబ్స్‌లో హార్వే ఫ్లెచర్, విల్డెన్ మన్సన్ చూపించిన ప్రకారం, శబ్దం మెల్లగా ఉన్నప్పుడు మన చెవికి బేస్ సరిగా ఆనదు. 1,000 హెర్ట్జ్ స్వరం 40 డెసిబెల్స్ దగ్గర ఎంతగా వినిపిస్తుందో 100 హెర్ట్జ్ స్వరం అంతగా వినిపించాలంటే 60 డెసిబెల్స్ దాటాలి. శబ్దం పెరిగే కొద్దీ ఈ ఎడం తగ్గుతుంది. పాత స్టీరియోల మీద లౌడ్‌నెస్ అనే మీట ఉండేది ఇందుకే. యాంప్ పెట్టగానే బేస్ పెరిగినట్టు అనిపించడానికి కారణం కూడా సగం ఇదే: అది శబ్దాన్ని పెంచింది, పెరిగిన శబ్దంలో చెవి బేస్‌ను ఎక్కువగా పట్టుకుంది. ఫోన్‌లో వాల్యూమ్ రెండు గీతలు పెంచినా దక్కేది ఆ ఫలితమే.

మూడోది ఇయర్‌ఫోన్ కూర్పు. టిప్ సరిపోయి, గది నిశ్శబ్దంగా ఉండి, వాల్యూమ్ తగినంత ఉన్నా బేస్ చాలకపోతే ఆ ఇయర్‌ఫోన్‌ను అలాగే కూర్చారని అర్థం. ఎంత బేస్ ఉంటే జనానికి నచ్చుతుందన్న దాని మీద హార్మన్ సంస్థలో షాన్ ఓలివ్, టాడ్ వెల్టీ బృందం 2010ల పొడవునా వినికిడి పరీక్షలు చేసింది. సమతలంగా కొలిచిన శబ్దం కన్నా కింది స్వరాలను కొంత ఎత్తిన శబ్దాన్నే ఎక్కువమంది ఇష్టపడ్డారు. అయితే ఇంకా బేస్ కావాలన్నవారూ ఉన్నారు, ఇంత వద్దన్నవారూ ఉన్నారు. అంటే బేస్ కోరుకోవడం తప్పు రుచి కాదు, అందరికీ ఒకే కొలతా లేదు. ఈ కొరతను తీర్చే పనిముట్టు ఈక్వలైజర్. కావలసిన స్వరాలను మాత్రమే ఎత్తేది అదొక్కటే. ఇక్కడే యాంప్ అమ్మకాల్లోని కిటుకు కూడా బయటపడుతుంది. ఫియో ఇ5, ఎ3 లాంటి చిన్న యాంప్‌ల మీదున్న బేస్ బూస్ట్ మీట, ఐఫై యాంప్‌ల మీద ఎక్స్‌బేస్ అని రాసిన బొత్తాం, ఇవన్నీ యాంప్‌లో అమర్చిన ఈక్వలైజర్లే. మీట నొక్కగానే మారింది శక్తి కాదు, ఫిల్టర్. ఆ ఫిల్టర్ ఫోన్‌లో ఉచితంగా ఉంది. ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్ లాంటి యాప్ తీసుకుంటే, ఆటోఈక్యూ అనే ప్రాజెక్టు సిద్ధం చేసిన సవరణలు వేల మోడళ్లకు అందులోనే దొరుకుతాయి. ఎక్కడ ఎంత పెంచాలో చేత్తో దిద్దుకోవచ్చు కూడా. యాంప్ మీటకు ఆ వెసులుబాటు లేదు. దాన్ని తయారుచేసినవారు ఎంచుకున్న ఎత్తు, ఎంచుకున్న చోటు, అంతే.

దీనికి ఆడియో ప్రియులు చెప్పే మొదటి అభ్యంతరం: డిజిటల్ ఈక్వలైజర్ శబ్దాన్ని చెడగొడుతుంది, పగిలినట్టు వినిపిస్తుంది. ఈ ఫిర్యాదులో నిజం ఉంది, కాని దాని కారణం వేరు. డిజిటల్ శబ్దానికి ఒక పైకప్పు ఉంటుంది. ఇప్పటి పాటలు ఆ కప్పును తాకేంత గట్టిగా రికార్డయి వస్తాయి. దాని మీద బేస్‌ను ఆరు డెసిబెల్స్ ఎత్తితే అలల శిఖరాలు కప్పుకు కొట్టుకుని తెగిపోతాయి. ముందుగా మొత్తం శబ్దాన్ని అదే ఆరు డెసిబెల్స్ కిందికి దించి, ఆ తర్వాత బేస్ ఎత్తితే పగులు ఉండదు. ప్రీయాంప్ అనే మీట యాప్‌లో ఉండేది ఇందుకే. దించినప్పుడు శబ్దం చాలకపోతే అన్నది తర్వాతి ప్రశ్న, యాంప్‌కు నిజమైన చోటు దొరికేదీ అక్కడే. మన 32 ఓముల ఇయర్‌ఫోన్‌కు డాంగిల్ మీద 115 డెసిబెల్స్ దాకా వీలుంది కాబట్టి పది దించినా 105 మిగులుతుంది, దిగులు లేదు. అదే డాంగిల్‌కు 600 ఓముల బేయర్‌డైనమిక్ డీటీ 880 తగిలిస్తే ఒక వోల్టు మీద వెళ్లేది 1.7 మిల్లీవాట్లు. దాని సెన్సిటివిటీ మిల్లీవాట్‌కు 96 డెసిబెల్స్ కాబట్టి శిఖరాలు 98 దగ్గర ఆగుతాయి. పది దించితే 88. సంగీతంలో మామూలు స్వరానికి, డప్పు దెబ్బకు మధ్య ఉండే ఎడాన్ని తలచుకుంటే ఇది చాలదు. నాలుగు వోల్టులు ఇచ్చే యాంప్ ఉంటే అదే హెడ్‌ఫోన్ 110 అందుకుంటుంది. ఇక్కడ కూడా బేస్‌ను తెచ్చింది ఈక్వలైజరే, దానికి తల ఎత్తుకునే జాగా ఇచ్చింది యాంప్.

రెండో అభ్యంతరం ఇంకాస్త లోతైనది: శక్తి సంగతి అటుంచండి, మంచి యాంప్ డ్రైవర్‌ను అదుపులో పెడుతుంది, బేస్ బిగుతుగా వస్తుంది అంటారు. దీనికి ఆధారం అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే యాంప్ తన వైపు నుంచి చూపే ఎదురు. అది ఇయర్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకూడదని ఒక సూత్రం వాడుకలో ఉంది. 16 ఓముల ఇయర్‌ఫోన్‌కు రెండు ఓముల లోపు అన్నమాట. ఆ సూత్రం మంచిదే. దాని నుంచి తీసే ముగింపే తప్పు. డ్రైవర్‌ను అదుపు చేసే విద్యుత్తుకు ఎదురయ్యేది యాంప్ ఒక్కటే కాదు, డ్రైవర్ సొంత తీగచుట్ట కూడా. 16 ఓముల చుట్టతో ఒక ఓము యాంప్ కలిస్తే 17. పది రెట్లు మెరుగైన యాంప్ తెస్తే 16.1. ఈ ఆరు శాతం తేడా వల్ల బిగువు మారిందనడం కష్టం. ఇంపెడెన్స్ స్వరాన్ని బట్టి ఎక్కువ తక్కువలయ్యే ఇయర్‌ఫోన్‌లలో మాత్రం సంగతి వేరు. ఆర్మేచర్ అనే రకం డ్రైవర్లు అనేకం కూర్చిన ఒక ఇయర్‌ఫోన్ బేస్ దగ్గర 40 ఓములు, పై స్వరాల దగ్గర 10 ఓములు చూపిస్తుందనుకుందాం. పది ఓముల అవుట్‌పుట్ ఉన్న ప్లేయర్ మీద బేస్‌కు 80 శాతం వోల్టేజీ, పై స్వరాలకు 50 శాతం అందుతుంది. అంటే బేస్ నాలుగు డెసిబెల్స్ పైన ఉంటుంది. అర ఓము యాంప్ పెట్టగానే ఆ నాలుగూ దాదాపు పోతాయి. బేస్ కోసం కొన్న మంచి యాంప్ బేస్‌ను తగ్గించిందన్నమాట. ఇదే సూత్రాన్ని ఎటిమోటిక్ సంస్థ తెలిసే వాడుకుంది. ఇఆర్-4పి ఇయర్‌ఫోన్‌కు 75 ఓముల రెసిస్టర్ ఉన్న అడాప్టర్ తగిలిస్తే అది ఇఆర్-4ఎస్‌లా పలుకుతుంది. ఆర్మేచర్ ఇంపెడెన్స్ పై స్వరాలకు పెరుగుతుంది కాబట్టి తూకం అటు మొగ్గి, బేస్ పాలు తగ్గుతుంది. రెండు యాంప్‌ల మధ్య నిజంగా తేడా వినిపిస్తే దానికి ఇలా కొలవగలిగే కారణం ఉంటుంది. కొలతకు అందని బిగువు గురించి మాట్లాడే ముందు, రెండిటి శబ్దాన్నీ 0.2 డెసిబెల్ లోపు సమానం చేసి, ఏది ఏదో తెలియకుండా విని చూడాలి. గట్టిగా వినిపించేదే మంచిదనిపించడం చెవికి సహజం.

ఇంత చెప్పాక కూడా యాంప్ అవసరమయ్యేవారు కొందరున్నారు. 250, 300, 600 ఓముల హెడ్‌ఫోన్‌లు వాడేవారు, సెన్సిటివిటీ బాగా తక్కువైన ప్లేనార్ రకాలు వాడేవారు, కెపాసిటర్ కోత ఉన్న పాత ప్లేయర్‌ను వదులుకోలేనివారు. హైఫైమన్ హెచ్ఈ-6 మిల్లీవాట్‌కు ఇచ్చేది 83.5 డెసిబెల్సే. మామూలు ఇయర్‌ఫోన్‌కు 110 డెసిబెల్స్ చేరడానికి పది మిల్లీవాట్లు చాలితే దీనికి సుమారు 450 కావాలి. ఇలాంటివారు ఎంచుకునేటప్పుడు పెట్టె మీది పెద్ద అంకెను చూసి మోసపోకూడదు. 16 ఓముల మీద ఎంత అన్నది కాదు, తమ హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని మిల్లీవాట్లు అన్నది చూడాలి. అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఒక ఓము లోపు ఉండాలి. ఇయర్‌ఫోన్‌కు కూడా అదే యాంప్ వాడాలనుకుంటే గెయిన్ తగ్గించే మీట తప్పనిసరి. లేకపోతే వాల్యూమ్ చక్రాన్ని కాస్త తిప్పగానే చెవులు అదిరిపోతాయి, ఆ మొదటి కాస్తలో కుడి ఎడమల శబ్దం సమానంగా ఉండదు. పాట ఆపి వింటే ఇసుక జారినట్టు సన్నని హిస్ వినిపించకూడదు. బేస్ బూస్ట్ ఉంటే అది ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవాలి. 100 హెర్ట్జ్ కింద ఎత్తితే దరువు లోతు పెరుగుతుంది. 300, 400 హెర్ట్జ్ దాకా పాకితే గాయకుడి గొంతు కుండలోంచి వస్తున్నట్టు బొంగురుపోతుంది. నాలుగు నుంచి ఆరు డెసిబెల్స్ ఎత్తు చాలామందికి సరిపోతుంది.

కొనే ముందు తీగ ఎక్కడ తగిలిస్తామన్నదీ చూసుకోవాలి. 2016లో ఐఫోన్ 7 వచ్చిన తర్వాత చాలా ఫోన్లలోంచి 3.5 ఎంఎం సాకెట్ మాయమైంది. ఉత్త అనలాగ్ యాంప్ కొంటే ముందు ఒక డాంగిల్, దాని వెనక యాంప్, మధ్యలో ఒక తీగ, చార్జింగ్‌కు ఇంకో తీగ. డాంగిల్‌లో ఎలాగూ ఒక యాంప్ ఉంది కాబట్టి ఇది యాంప్ మీద యాంప్. అందుకే ఇప్పుడు అర్థమున్న కొనుగోలు డిజిటల్ పాటను అనలాగ్ సంకేతంగా మార్చే డాక్, యాంప్ కలిసిన ఒకే పరికరం. యాపిల్ డాంగిల్ కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో పూర్తి వోల్టేజీ ఇవ్వదన్నది గమనించాలి. శబ్దం తక్కువైందని యాంప్ కోసం పరుగెత్తే బదులు డాంగిల్ మారిస్తే సరిపోయే సందర్భం ఇది. ఇక బ్లూటూత్ ఇయర్‌బడ్స్ వాడేవారికి ఈ చర్చతో పనే లేదు. వాటి యాంప్ వాటిలోనే ఉంది, బయటి యాంప్ తగిలించే తావే లేదు. టిప్‌లు, కంపెనీ యాప్‌లోని ఈక్వలైజర్, ఈ రెండే వారి చేతిలో ఉన్నవి.

బేస్ వేటలో చెవిని మరిచిపోకూడదు. పెద్దలకు వారానికి 80 డెసిబెల్స్ వద్ద 40 గంటలు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. మూడేసి డెసిబెల్స్ పెరిగిన కొద్దీ ఆ సమయం సగమవుతుంది. 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర పదే. బేస్ చాలక వాల్యూమ్ పెంచేవారు బేస్‌తో పాటు చెవికి హాని చేసే పై స్వరాలనూ పెంచుతున్నారు. టిప్ సరిచేసి, బేస్‌ను మాత్రమే ఎత్తుకున్నవారు తక్కువ వాల్యూమ్‌లోనే తృప్తిపడగలరు. ఖర్చు లేని మార్గమే క్షేమమైన మార్గం కూడా.

కాబట్టి తీర్పు ఇది. ముందు టిప్‌లు మార్చి చూడండి. తర్వాత ప్రీయాంప్ దించి, 100 హెర్ట్జ్ కింద నాలుగైదు డెసిబెల్స్ ఎత్తి వారం రోజులు వినండి. అప్పటికీ చాలకపోతే యాంప్‌కు దాచిన డబ్బుతో బేస్ బాగా కూర్చిన ఇంకో ఇయర్‌ఫోన్ కొనండి. వాల్యూమ్ పూర్తిగా పెంచినా పాట చిన్నగానే వినిపిస్తోందా? అప్పుడు, అప్పుడు మాత్రమే, యాంప్ కొనండి.